వీధి బోర్డుల్లో అరిగిపోతున్న యుద్ధకాల రక్ష

2025 మే నెలలో భారత్, పాకిస్థాన్‌ల మధ్య క్షిపణులు, డ్రోన్ల దాడులు సాగిన రోజుల్లో సరిహద్దు రాష్ట్రాల్లోని కొన్ని ఆసుపత్రుల పైకప్పుల మీద హడావుడిగా తెల్లరంగు పూసి, నడుమ పెద్ద ఎర్ర శిలువ గీశారు. ఆకాశంలోంచి చూసేవారికి అది వైద్యశాల అని తెలియాలన్నది ఉద్దేశం. ఉక్రెయిన్‌లో, గాజాలో ఆసుపత్రులు దెబ్బతిన్నప్పుడు వినిపించిన ప్రశ్నే అప్పుడు మన దగ్గరా వినిపించింది. వీధి చివరి మందుల దుకాణం మీదా, ఆర్‌ఎంపీ వైద్యుడి రేకు బోర్డు మీదా, డాక్టరు గారి కారు అద్దం మీదా ఉండే గుర్తే కదా అది! దానికి బాంబును ఆపే శక్తి ఎక్కడినుంచి వచ్చింది? చాలామంది దీన్ని అమాయకపు సందేహంగా కొట్టిపారేస్తారు. కానీ మానవతా చట్టంలోని అసలు చిక్కుముడి ఈ సందేహంలోనే ఉంది. ఆ గుర్తు మీద గౌరవం పుట్టేది అది అరుదుగా, అధికారికంగా, అబద్ధం లేకుండా కనిపించినప్పుడు. శాంతికాలంలో దాన్ని ఎవరికి తోచినట్టు వారు వాడుకోనిచ్చిన దేశం యుద్ధకాలంలో దాని ఆసరా కోరినప్పుడు అది పలుచబడి ఉంటుంది. మన దేశం ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలో ఉంది.

తెల్లని నేల మీద ఎర్ర శిలువ వైద్యవృత్తికి గుర్తన్న అభిప్రాయం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, వైద్య విద్యార్థుల్లోనూ చాలామందికి అందులో తప్పేమిటో తెలియదు. 1949 నాటి మొదటి జెనీవా ఒడంబడికలోని 38వ అధికరణం దాన్ని సైన్యాల వైద్య సేవల చిహ్నంగా నిర్వచిస్తుంది. 44వ అధికరణం ఎవరు వాడవచ్చో గీత గీస్తుంది. యుద్ధంలో గాయపడినవారిని, వారికి చికిత్స చేసేవారిని, వారి వాహనాలను, గుడారాలను కాపాడే రక్షణ చిహ్నంగా వాడకం ఒకటి. ఇది వీలైనంత పెద్దదిగా, దూరంనుంచి, పైనుంచి కనబడేలా ఉండాలి. ఈ వ్యక్తి లేదా ఈ వస్తువు రెడ్‌క్రాస్ సంఘానికి చెందినదని తెలిపే సూచిక చిహ్నంగా వాడకం మరొకటి. అది చిన్నదిగా, సంఘం పేరుతో కలిసి ఉండాలి. భుజపట్టీల మీద, భవనాల పైకప్పుల మీద సూచికగా వేయకూడదన్న నిషేధం కూడా ఉంది. దాన్ని రక్షణ చిహ్నంగా ఎవరూ పొరబడకుండా ఉండేందుకే ఇంత జాగ్రత్త. అదే అధికరణంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. జాతీయ రెడ్‌క్రాస్ సంఘం స్పష్టంగా అనుమతిస్తే, శాంతికాలంలో అంబులెన్సుల మీద, కేవలం ఉచిత చికిత్సకే కేటాయించిన సహాయ కేంద్రాల మీద దీన్ని వేయవచ్చు. ఉచితం అన్న ఆ షరతు ముందు మన కార్పొరేట్ ఆసుపత్రుల బోర్డులు, కిలోమీటరుకు ఇంత అని బేరమాడే ప్రైవేటు అంబులెన్సులు ఎక్కడ నిలుస్తాయో ఎవరికి వారే చూసుకోవచ్చు.

ఈ గుర్తు పుట్టిన తీరు తెలిస్తే ఇంత కట్టుదిట్టం ఎందుకో అర్థమవుతుంది. 19వ శతాబ్దం మధ్య వరకు యూరప్ సైన్యాల్లో ఒక్కొక్కరి వైద్యశాలకు ఒక్కో రంగు జెండా. ఆస్ట్రియాది తెలుపు, ఫ్రాన్స్‌ది ఎరుపు, స్పెయిన్‌ది పసుపు. సైనికులకు తమ సైన్యం జెండాయే సరిగా తెలియదు, ఇక శత్రువుది తెలిసే దారేది? వైద్యుల బళ్లను సరుకు బళ్ల నుంచి వేరుచేసి చూపేదేమీ లేక కాల్పులు వాటి మీదా పడేవి. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సాల్ఫెరినోలో జరిగిన యుద్ధం తర్వాత గాయపడినవారు దిక్కులేక పడి ఉండటాన్ని జెనీవా వ్యాపారి ఆన్రీ దునాన్ చూశాడు. 1862లో ఆ అనుభవాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. మరుసటి ఏడాది జనరల్ దుఫోర్, న్యాయవాది మోయ్నియే, వైద్యులు అప్పియా, మోన్వార్‌లతో కలిసి అయిదుగురి కమిటీ ఏర్పడింది. అదే తర్వాత అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ అయింది. 1863 అక్టోబరులో జెనీవా సమావేశం తెల్ల నేలపై ఎర్ర శిలువను ఎంచుకుంది. 1864 ఆగస్టు 22న పన్నెండు దేశాలు సంతకం చేసిన మొదటి జెనీవా ఒడంబడిక దానికి చట్టబలం ఇచ్చింది. అన్ని సైన్యాలకూ ఒకే గుర్తు కావాలి, ఎవరైనా ఒక గుడ్డముక్క మీద గీసుకోగలిగేంత సులువుగా ఉండాలి. ఆనాటి కోరిక అంతే. శిలువ చేతుల కొలతలు కూడా ఒడంబడికలో కావాలనే నిర్ణయించలేదు. కొలత తప్పిందన్న సాకుతో ఎవరూ దాడి చేయకూడదు కదా.

ఒకే గుర్తన్న ఆశ పన్నెండేళ్లు నిలిచింది. 1876లో రష్యాతో యుద్ధానికి ముందు, శిలువ తమ ముస్లిం సైనికుల మనోభావాలకు అడ్డు వస్తోందని ఒట్టోమన్ ప్రభుత్వం ఎర్ర నెలవంకను వాడటం మొదలుపెట్టింది. శత్రువు వాడే శిలువను గౌరవిస్తామని కూడా ప్రకటించింది. 1906 నాటి ఒడంబడిక, ఈ చిహ్నం స్విట్జర్లాండ్ జెండా రంగులను తారుమారు చేయగా వచ్చినదని, ఆ దేశానికి గౌరవసూచకంగా ఎంచుకున్నదని రాసి, మతంతో ముడి లేదని చెప్పే ప్రయత్నం చేసింది. వాదన న్యాయమైనదే అయినా యుద్ధభూమిలో జెండాను చూసేవాడు ఒడంబడిక చదివి రాడు. 1929లో నెలవంకతోపాటు పర్షియా ఎర్ర సింహం–సూర్యుడికీ గుర్తింపు వచ్చింది. 1980లో ఇరాన్ సింహాన్ని పక్కనపెట్టి నెలవంకకు మారింది. అఫ్గానిస్థాన్ ఎర్ర కమాను కోరింది, సయాం ఎర్ర జ్వాల కోరింది, ఇజ్రాయెల్ ఎర్ర దావీదు నక్షత్రం కోరింది. 1949 సదస్సులో ఇజ్రాయెల్ ప్రతిపాదన వీగిపోయింది. దేశానికో గుర్తు ఇస్తూ పోతే 1864కు ముందరి రంగు జెండాల గందరగోళానికే తిరిగి చేరతామన్న భయం ఆ తిరస్కారం వెనుక ఉంది. ఆ భయంలో నిజముందని నా అభిప్రాయం.

ఈ చర్చ మన ఉపఖండాన్నీ తాకింది. భారత రెడ్‌క్రాస్ సంఘం 1920 నాటి చట్టంతో ఏర్పడింది. రాష్ట్రపతి దాని అధ్యక్షులు, రాష్ట్ర శాఖలకు గవర్నర్లు అధ్యక్షులు. పాకిస్థాన్ స్వాతంత్ర్యం తర్వాత కూడా రెండు దశాబ్దాలకు పైగా శిలువతోనే సాగి 1974లో నెలవంకకు మారింది. బంగ్లాదేశ్ 1988లో మారింది. హిందువులు అధికంగా ఉన్న నేపాల్, బౌద్ధులు అధికంగా ఉన్న థాయిలాండ్, శ్రీలంకలు శిలువతోనే ఉన్నాయి. ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల ఇండోనేషియా కూడా శిలువనే ఉంచుకుంది, 2018లో రెడ్‌క్రాస్ సేవలపై ప్రత్యేక చట్టం కూడా చేసింది. సౌదీ అరేబియాలో ప్రమాదం జరిగితే 997కు ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్స్ రెడ్ క్రెసెంట్‌దే అని అక్కడ పనిచేసే కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల కార్మికులకు తెలుసు. ఆ బండి మీద నెలవంక ఉందని ఎక్కడానికి వెనకాడినవారు లేరు. గుర్తు ఆకారం కన్నా దాని వెనుక ఉన్న సేవ మీద నమ్మకమే ఎక్కువ పనిచేస్తుందనడానికి ఇండోనేషియా, సౌదీ రెండూ రెండు వైపుల నుంచి సాక్ష్యం.

మతం, దేశం ఛాయలేని మూడో గుర్తు 2005 డిసెంబరు 8న పుట్టింది. కోణం మీద నిలబెట్టిన ఎర్ర చతురస్రపు చట్రం, దాన్నే రెడ్ క్రిస్టల్ అంటున్నారు. ఏకాభిప్రాయం కుదరక ఓటింగు పెడితే 98 దేశాలు అనుకూలంగా, 27 వ్యతిరేకంగా ఓటు వేశాయి, 10 తటస్థంగా ఉండిపోయాయి. ఆ మూడో అదనపు ప్రోటోకాల్ 2007 జనవరి 14 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పుణ్యాన 2006లోనే ఇజ్రాయెల్ సంఘం, పాలస్తీనా రెడ్ క్రెసెంట్ ఒకేసారి అంతర్జాతీయ ఉద్యమంలో చేరగలిగాయి. దౌత్యపరంగా అది పెద్ద విజయం. వాడకంలో మాత్రం క్రిస్టల్ ఇప్పటికీ పరిచయం లేని ముఖమే. శిలువకు నూట అరవై ఏళ్ల, నెలవంకకు దాదాపు నూట యాభై ఏళ్ల జ్ఞాపకం ఉంది, దీనికి లేదు. భారత్ ఆ ప్రోటోకాల్‌లో భాగస్వామి కాదు. చేరడానికి పెద్ద ఖర్చేమీ లేదు, మన సంఘం శిలువను వదులుకోనక్కర్లేదు. రెండు మతాల ఛాయలూ అనుమానానికి తావిచ్చే చోట మన సైనిక వైద్య దళాలు, శాంతిసేనల్లో పనిచేసే మన వైద్యులు తాత్కాలికంగా క్రిస్టల్ వాడుకునే వీలు దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలకు అత్యధికంగా సైనికులను పంపే దేశాల్లో ఒకటైన మనం దీన్ని ఇన్నేళ్లుగా పక్కన పెట్టడానికి సరైన కారణం కనిపించదు.

చట్టం ఉంది, కదిలేవారు లేరు

మన దేశంలో ఈ విషయం మీద చట్టం లేదనుకోవడం పొరపాటు. జెనీవా ఒడంబడికలను భారత్ 1950లో ఆమోదించింది. వాటిని అమలుచేయడానికి 1960లో జెనీవా ఒడంబడికల చట్టం చేసింది. దాని 12వ సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ, ఏ ప్రయోజనం కోసమైనా, తెల్ల నేలపై ఎర్ర శిలువను గానీ, ‘రెడ్‌క్రాస్’, ‘జెనీవా క్రాస్’ అన్న పేర్లను గానీ, ఎర్ర నెలవంకను గానీ, ఎర్ర నేలపై తెల్ల శిలువను గానీ వాడరాదు. వాటిని పోలి, భ్రమ కలిగించే బొమ్మనూ వాడరాదు. కాబట్టి ఎరుపును కాస్త మెరూన్‌గా మార్చడమో, శిలువ మధ్యలో పాము కట్టె గీయడమో చేసి తప్పించుకోవడం కుదరదు. 13వ సెక్షన్ ప్రకారం దీనికి శిక్ష గరిష్ఠంగా 500 రూపాయల జరిమానా, ఆ గుర్తు వేసిన సరుకు జప్తు. 1960లో 500 రూపాయలు చిన్న మొత్తం కాదు. ఇప్పుడు ఒక ఫ్లెక్సీ బోర్డు ప్రింటుకే అంతకన్నా ఎక్కువవుతుంది. జరిమానా కన్నా పెద్ద అడ్డంకి 17వ సెక్షన్. ప్రభుత్వం గానీ, కేంద్రం నోటిఫై చేసిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఈ నేరాన్ని విచారణకు తీసుకోదు. అంటే ఒక పౌరుడో, రెడ్‌క్రాస్ జిల్లా శాఖో నేరుగా వెళ్లి కేసు వేయలేరు. ఫిర్యాదు చేయాల్సిన ప్రభుత్వానికి అదొక పనిగా తోచదు. అలా ఆ సెక్షన్ ఆరు దశాబ్దాలుగా పుస్తకంలో ఉండిపోయింది.

ఏ జిల్లా కేంద్రంలోనైనా ప్రభుత్వ ఆసుపత్రి గేటు ముందు కాసేపు నిలబడి చూడండి. వరసగా ఆగిన ఓమ్ని వ్యాన్లు, టెంపో ట్రావెలర్లు, వాటి ముందు అద్దం మీద తిరగేసి రాసిన ‘అంబులెన్స్’, పక్క తలుపు మీద స్టిక్కర్ ఎర్ర శిలువ. అందులో ఆక్సిజన్ సిలిండర్ ఉందో లేదో తెలియదు, శిక్షణ పొందిన మనిషి లేడని మాత్రం చాలా సందర్భాల్లో చెప్పవచ్చు. ఎదురుగా ల్యాబ్, స్కానింగ్ సెంటర్, రెండు మందుల దుకాణాలు, అన్నింటి మీదా అదే ప్లస్ గుర్తు. ఇన్ని ఎర్ర గుర్తుల మధ్య నిజంగా దాన్ని వాడుకునే హక్కున్న రెడ్‌క్రాస్ రక్తనిధి కేంద్రం బోర్డు కూడా మరొక దుకాణంలాగే కనిపిస్తుంది. అక్కడ రక్తదానం చేసే కుర్రాళ్లు, వేసవిలో రక్తం కొరత తీర్చడానికి కాలేజీల చుట్టూ తిరిగే కార్యకర్తలు సంపాదించిన గౌరవాన్ని పక్కనున్న వ్యాపారం ఉచితంగా వాడుకుంటోంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. అంబులెన్సుల్లో గంజాయి పట్టుబడిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఆ నష్టం ఇంకాస్త పెరుగుతుంది.

దుకాణదారులను మాత్రమే తప్పుపట్టడం అన్యాయం. లెర్నింగ్ లైసెన్సు కోసం మన పిల్లలు బట్టీపట్టే రోడ్డు గుర్తుల్లో ప్రథమ చికిత్సా కేంద్రానికి వేసిన బొమ్మ ఎర్ర శిలువే. ప్రభుత్వమే దాన్ని అలా నేర్పిస్తోంది. స్కూలు నాటకాల్లో నర్సు టోపీ మీద, బొమ్మల డాక్టర్ కిట్ మీద, సినిమాల్లో ఆసుపత్రి సెట్టు మీద అదే ఉంటుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న గుర్తును మందుల దుకాణం పెట్టినవాడు వాడటంలో వింత లేదు. అతనికి దురుద్దేశం లేదు, చెప్పినవారూ లేరు. అందుకే ఈ సమస్యకు పోలీసు పరిష్కారం పనికిరాదు. మొదటి అడుగు సర్కారు తన సొంత పుస్తకాల్లో, బోర్డుల్లో, వాహనాల మీద దిద్దుబాటు చేసుకోవడమే.

ప్రతివాదం కూడా గట్టిదే. చదువురానివారికి, ఊరు కొత్తయినవారికి, అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకుని పరిగెత్తే తల్లికి ఆ ఎర్ర గుర్తు దారి చూపిస్తుంది. లక్షలమందికి అర్థమైన గుర్తును, ఎప్పుడో వచ్చే యుద్ధం కోసం లాగేసుకోవడం ఏం న్యాయమని కొందరు అడుగుతారు. రెడ్‌క్రాస్ సంస్థలు తమ పేరును కాపాడుకోవడానికే ఈ రభస చేస్తున్నాయన్న విమర్శా ఉంది. మొదటి వాదనలోని ఆర్తిని నేను కాదనను. అయితే ఆ తల్లికి కావలసింది నమ్మదగిన గుర్తు. ఏ అర్హతా పరీక్ష లేకుండా ఎవరైనా అంటించుకోగల స్టిక్కరు ఆమెను అర్హత లేనివాడి దగ్గరికీ అంతే తేలిగ్గా తీసుకెళుతుంది. ఆకుపచ్చ నేలపై తెల్ల శిలువ ప్రథమ చికిత్సకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన భద్రతా గుర్తు. యూరప్‌లో చాలా మందుల దుకాణాలు ఆకుపచ్చ శిలువ వాడతాయి. మన పట్టణాల్లోనూ చాలా మెడికల్ షాపులు ఇప్పటికే ఆకుపచ్చ ప్లస్‌కు మారాయి, కొనేవారెవరూ దారి తప్పలేదు.

ఇతరులు మారిన తీరు

అమెరికాలో అంబులెన్సుల మీద నారింజ రంగు శిలువ వాడుతుంటే, అది తమ చిహ్నానికి మరీ దగ్గరగా ఉందని 1973లో అక్కడి రెడ్‌క్రాస్ అభ్యంతరం తెలిపింది. రవాణా భద్రతా సంస్థ దాంతో వాదనకు దిగకుండా కొత్త గుర్తు తయారుచేయించింది. ఆరు చేతుల నీలి నక్షత్రం, మధ్యలో పాము చుట్టిన కట్టె. ప్రమాదాన్ని గుర్తించడం నుంచి రోగిని ఆసుపత్రికి అప్పగించడం వరకు అత్యవసర సేవలోని ఆరు దశలకు ఆ ఆరు చేతులు సంకేతం. 1977లో దాన్ని ధ్రువీకరణ ముద్రగా నమోదు చేశారు. అంటే నిర్ణీత ప్రమాణాలు పాటించే సేవలకే అది. నిషేధంతో ఆగకుండా మెరుగైన ప్రత్యామ్నాయం చేతికివ్వడం వల్లే మార్పు కుదిరింది. అదే దేశంలో 1887 నుంచి ఎర్ర శిలువను వాణిజ్య ముద్రగా వాడుతున్న జాన్సన్ అండ్ జాన్సన్, పాత వాడుకదారులకు చట్టం ఇచ్చిన మినహాయింపు ఆధారంగా 2007లో అమెరికన్ రెడ్‌క్రాస్ మీదే దావా వేసింది. గుర్తును ఇతర కంపెనీల సరుకుల అమ్మకానికి లైసెన్సుగా ఇవ్వడం ఏమిటన్నది వివాదం. 2008లో కోర్టు ఆరోపణల్లో చాలావరకు కొట్టివేశాక ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. మానవతా సంస్థ కూడా తన చిహ్నాన్ని వ్యాపారానికి దగ్గరగా తీసుకెళితే ఎలాంటి ఇబ్బందిలో పడుతుందో చెప్పే ఉదంతం ఇది. మన సంఘం శాఖలూ దీన్ని గుర్తుంచుకోవాలి.

బ్రిటన్‌లో 1957 చట్టం ప్రకారం అనుమతి ఇచ్చే అధికారం రక్షణ శాఖది. ఆరోగ్య శాఖకు కాకుండా రక్షణ శాఖకు ఇవ్వడంలోనే ఆ గుర్తు దేనికోసమో తేటతెల్లమవుతుంది. 2017 ప్రారంభంలో ‘ప్రిజన్ ఆర్కిటెక్ట్’ అనే వీడియో గేమ్‌లో అంబులెన్స్ మీద ఎర్ర శిలువ ఉందని బ్రిటిష్ రెడ్‌క్రాస్ ఉత్తరం రాస్తే, తయారీదారులు దాన్ని ఆకుపచ్చకు మార్చారు. ఆటలోని అంగుళం బొమ్మ కోసం ఇంత పట్టింపు అవసరమా అని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. అవసరమేనని నేను అంటాను. వీడియో గేముల్లో ఎర్ర శిలువ ఆటగాడి ప్రాణశక్తిని పెంచే పెట్టెగా మారింది. ఆ ఆటలు ఆడుతూ పెరిగిన కుర్రాడే రేపు సైన్యంలో చేరి డ్రోన్ తెర మీద అదే గుర్తును చూస్తాడు. కేసులు, జైళ్లు లేకుండా, ఒక ఉత్తరంతో, మర్యాదగా పని జరిగిందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

లెక్కచేయనివారి ముందు గుర్తెందుకు?

అన్నింటికన్నా బరువైన అభ్యంతరం ఇది: యుద్ధాల్లో ఈ చిహ్నాన్ని ఎవరూ లెక్కచేయడం లేదు, అలాంటప్పుడు వీధుల్లో దాన్ని కాపాడి ఏం లాభం? ఉదాహరణలకు కొదవలేదు. 1935 డిసెంబరులో ఇథియోపియాలో స్వీడిష్ రెడ్‌క్రాస్ శిబిరం మీద ఇటలీ విమానాలు బాంబులు వేశాయి. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్థాన్‌లోని కుందూజ్‌లో ‘హద్దుల్లేని వైద్యులు’ సంస్థ ఆసుపత్రిపై అమెరికా వైమానిక దాడిలో 42 మంది చనిపోయారు. ఆ ఆసుపత్రి మీద ఉన్నది సంస్థ సొంత గుర్తే అయినా, దాని స్థానం వివరాలు అన్ని పక్షాలకూ ముందే అందాయి. 2025 మార్చి 23న గాజాలోని రఫాలో 15 మంది సహాయక సిబ్బందిని కాల్చి చంపారు. వారిలో ఎనిమిదిమంది పాలస్తీనా రెడ్ క్రెసెంట్‌కు చెందినవారు. వాహనాలు దీపాలు, సంకేతాలు లేకుండా అనుమానాస్పదంగా వచ్చాయని ఇజ్రాయెల్ సైన్యం మొదట చెప్పింది. చనిపోయినవారిలో ఒకరి ఫోన్‌లో దొరికిన వీడియోలో అంబులెన్సుల మీద గుర్తులు స్పష్టంగా కనబడుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి. సైన్యం తన మాట మార్చుకోవలసి వచ్చింది.

దుర్వినియోగం మరో వైపునుంచి వస్తుంది. 2018 జనవరి 27న కాబూల్‌లో పేలుడు పదార్థాలు నింపిన అంబులెన్సు వందమందికి పైగా ప్రాణాలు తీసింది. మంచి పని కోసం చేసిన మోసమూ మోసమే. 2008 జూలై 2న కొలంబియా సైన్యం గెరిల్లాల చెర నుంచి రాజకీయ నాయకురాలు ఇంగ్రిడ్ బెటాంకూర్‌తో సహా 15 మందిని ఒక్క తూటా పేల్చకుండా విడిపించింది. లోకమంతా మెచ్చుకుంది. ఆ బృందంలో ఒకరు రెడ్‌క్రాస్ చిహ్నం ధరించారని తర్వాత బయటపడి, అధ్యక్షుడు ఉరీబె బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ పదిహేను ప్రాణాల విలువను ఎవరూ తక్కువ చేయరు. కానీ ఆ తర్వాత అడవిలోకి వెళ్లే ప్రతి రెడ్‌క్రాస్ కార్యకర్తను తుపాకీ పట్టినవాడు అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది. ఆ వెల ఎవరు చెల్లించారో లెక్కగట్టడం కష్టం.

అఫ్గానిస్థాన్‌లోనే మిత్రపక్షాల మధ్య తేడా కనిపించింది. అమెరికా సైన్యం వైద్య హెలికాప్టర్లు ఎర్ర శిలువ వేసుకుని, ఆయుధాలు బిగించుకోకుండా ఎగిరేవి, వాటి వెంట సాయుధ హెలికాప్టర్ కాపలాగా వెళ్లేది. బ్రిటిష్ వైద్య బృందం శిలువ లేని, మెషిన్‌గన్లు ఉన్న చినూక్‌లో వెళ్లేది. గుర్తును గౌరవించని శత్రువు ముందు అది కేవలం గురిపెట్టే చోటుగా మారుతుందని బ్రిటిష్ పద్ధతిని సమర్థించేవారి వాదన. సైనికంగా అది సబబుగానే తోస్తుంది. కానీ దాన్ని సూత్రంగా స్వీకరిస్తే మిగిలేది ఏమిటి? గాయపడినవాడిని మోసుకెళ్లే బండి కూడా యుద్ధ వాహనమవుతుంది, యుద్ధ వాహనం మీద కాల్చడం నేరం కాదు. గుర్తు లేకపోయినా వైద్యశాలకు చట్టరక్షణ ఉంటుంది. దాన్ని దూరంనుంచి చూపించడం, ‘తెలియక కాల్చాం’ అనే సాకు లేకుండా చేయడం గుర్తు చేసే పని. రఫాలో వీడియో అంత ప్రభావం చూపిందంటే, అందులో ఆ చిహ్నాలు కనబడటం వల్లే. నేరం చేసినవాడికి తప్పించుకునే దారిని మూసేది అదే. తుపాకీని ఆపలేకపోయిన చోట కూడా అది సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ సాక్ష్యం చెల్లాలంటే, ఆ గుర్తు ఉన్నచోట నిజంగా వైద్యమే జరుగుతోందని లోకం నమ్మాలి.

కంప్యూటర్ దాడుల కాలంలో ఈ ప్రశ్న కొత్త రూపం తొడిగింది. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్ల మీద జరిగిన దాడిలో 5,15,000 మందికి పైగా బలహీనుల వివరాలు బయటివారి చేతికి చిక్కాయి. యుద్ధాల్లో విడిపోయిన కుటుంబాలు, ఖైదీలు, తప్పిపోయినవారి వివరాలవి. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు స్తంభించి, రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. వైద్య సంస్థల సర్వర్లకు, డేటాకు సాఫ్ట్‌వేర్ గుర్తించగల డిజిటల్ చిహ్నం ఉండాలని కమిటీ ప్రతిపాదించింది. దాడి చేసేవాడికి మనమే చిరునామా చెప్పినట్టవుతుందన్న అనుమానం నిపుణుల్లో ఉంది. పైకప్పు మీద శిలువ గీసినప్పుడూ ఇదే అనుమానం ఉండేది. సాంకేతిక దేశంగా పేరున్న భారత్ ఈ ప్రమాణాల రూపకల్పనలో చురుగ్గా ఉండటం అవసరం. హైదరాబాద్ లాంటి నగరంలో సైబర్ నిపుణులకు, వైద్య డేటా సంస్థలకు కొదవ లేదు.

ఇక చేయాల్సిన పనులు. 1960 చట్టంలో జరిమానాను పెంచడం కన్నా ముఖ్యమైనది ఫిర్యాదు చేసే అధికారాన్ని జిల్లా స్థాయికి దించడం. 17వ సెక్షన్ కింద జిల్లా కలెక్టర్లను లేదా జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులను కేంద్రం నోటిఫై చేయవచ్చు, అందుకు చట్ట సవరణ కూడా అక్కర్లేదు. కేసుల దాకా పోకుండానే చాలా పని జరుగుతుంది. ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా రిజిస్ట్రేషన్ కోసం జిల్లా వైద్యాధికారి కార్యాలయానికి రావాల్సిందే, అంబులెన్సు ఫిట్‌నెస్ కోసం ఆర్టీఏ దగ్గరికి, మందుల దుకాణం లైసెన్సు కోసం ఔషధ నియంత్రణ అధికారుల దగ్గరికి రావాల్సిందే. ఈ మూడు కిటికీల దగ్గర దరఖాస్తు ఫారంలో ఒక షరతు చేర్చి, ఒక ఏడాది గడువు ఇస్తే, రెన్యువల్ సమయానికి సగానికి సగం బోర్డులు మారతాయని నా నమ్మకం. ఆలోగా అంబులెన్సులకు నీలి నక్షత్రం లాంటి గుర్తును కనీస పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారన్న ధ్రువీకరణతో కలిపి ఇవ్వాలి. అప్పుడు ఆ తల్లికి నమ్మదగిన గుర్తు దొరుకుతుంది. లెర్నింగ్ లైసెన్సు పుస్తకంలోని ప్రథమ చికిత్స బొమ్మను ఆకుపచ్చకు మార్చడానికి ఒక నోటిఫికేషన్ చాలు.

అసలు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. 1949 నాటి నాలుగో జెనీవా ఒడంబడికలోని 18వ అధికరణం ప్రకారం పౌర ఆసుపత్రులకు, అవి ఆసుపత్రులేనని ప్రభుత్వం ధ్రువపత్రం ఇవ్వాలి. పైకప్పు మీద చిహ్నం వేసుకోవడానికి వాటికి ప్రభుత్వం అనుమతి ఉండాలి, సైనిక లక్ష్యాలకు వీలైనంత దూరంగా ఉండేలా చూడాలి. 2025 మే 7న విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో పౌర రక్షణ కసరత్తులు జరిగాయి. సైరన్లు మోగాయి, జనాన్ని తరలించడం సాధన చేశారు. నౌకాదళ స్థావరం ఉన్న విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, రక్షణ పరిశోధన సంస్థలు, కంటోన్మెంటు ఉన్న హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటివి యుద్ధకాలంలో మొదట నిండిపోయే ఆసుపత్రులు. వీటిలో వేటికి ధ్రువపత్రం ఇవ్వాలి, ఆ పత్రం మీద సంతకం చేసేది రక్షణ శాఖా ఆరోగ్య శాఖా, పైకప్పు మీద ఎంత పెద్ద గుర్తు వేయాలి, ఎప్పుడు వేయాలి, ముప్పు తొలగాక చెరిపే బాధ్యత ఎవరిది, ఆ ఆవరణలో సాయుధ దళాల వాహనాలు నిలపకుండా చూసేదెవరు అన్నవి శాంతికాలంలో కాగితం మీద రాసిపెట్టుకోవాల్సిన సంగతులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విపత్తు నిర్వహణ సంస్థలు, రెడ్‌క్రాస్ రాష్ట్ర శాఖలు, తూర్పు నౌకాదళ కమాండ్ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే ఆ జాబితా తయారు చేయడం పెద్ద పని కాదు. తర్వాతి పౌర రక్షణ కసరత్తులో ఆ జాబితాను కూడా పరీక్షించి చూడాలి.